ముక్కుపుల్లకు పర్మిషన్

మా అమ్మ పోయిన మూడో దినం పిట్ట ముట్టలే. అన్ని ఆడికెల్లే మొదలైనయి.

మా దిక్కు రివాజు తెలువనోళ్లకు జర చెప్పాలె. మనిషి పోయిన మూడో నాడు వాళ్లకు ఇష్టమైనవన్ని వండి, ఇస్తారాకుల వడ్డించి, ఊరవతల పిట్టకు పెడ్తరు. కాకి వచ్చి ముట్టిందంటే పోయినోళ్ల పానం నిమ్మలమైనట్టు. ముట్టలేదంటే మనసుల ఏదో కొరత ఉన్నట్టు. అప్పుడు ఇంటోళ్లు ఒక్కొక్కరే ఆకు ముందట నిలబడి మాట ఇస్తరు. ఎవరి మాటకు పిట్ట దిగితే వాళ్లు గా మాట నిలబెట్టుకోవాలె. అన్నది అన్నట్టే చెయ్యాలె, దానికి బదులు ఇంకోటి చేస్తనంటే నడవది.

గది రెండువేల పదిల, దసరా ఎల్లినంక. నేను పుట్టి పెరిగిన అవ్వగారిల్లు పాల్మాకుల. నన్ను సాతంరాయిల ఇచ్చిండ్రు, ఎయిర్‌పోర్టుల సఫాయి పని చేస్తుంటి. మా చెల్క భూమి ఎన్నడో ఆ ఎయిర్‌పోర్టు కిందనే పోయింది. ఊరవతల వాగొక్కటి మిగిలింది. ఆ వాగొడ్డుకే అమ్మకు పెట్టినం. బువ్వ, కోడికూర, గారెలు, దొప్పల కల్లు. పెట్టి దూరం జరిగి నిలబడ్డం. పిట్ట లేదు. ఎయిర్‌పోర్టు వచ్చినంక మా దిక్కు కాకులే తక్కువైనయి. ఇమానాలకు అడ్డం వస్తయని వాటిని బెదిరిస్తరు, కోడి దుకాణపోళ్లను బొక్కలు బయట పారెయ్యొద్దంటరు. ఎండ నెత్తి మీదికొచ్చింది. కూర మీద ఈగలు ముసిరినయి.

అన్న ముందుకొచ్చి “బాపును మంచిగ చూసుకుంట అమ్మా” అన్నడు. రాలే. “పండుగ పండుగకు అందరం ఒక్కకాడ కలుస్తం” అని నేనన్న. రాలే. మేనమామ ఏదో అన్నడు, అది గూడ కాలే. మా బాపు మాత్రం తుమ్మచెట్టు కింద కూసొని నోరు మెదపలే. నాకు కోపమొచ్చింది. నా నోరు అసలే మంచిది కాదు.

“అందరు చెప్తున్నరు, నువ్వొక్క మాట అనవేంది బాపు? నీ ఇంటిది కాదా?” అన్న.

బాపు లేచిండు. ఆకు ముందటికొచ్చి, చేతులు కట్టుకొని, “నీ ముక్కుపుల్ల నీకు తెచ్చిస్త” అన్నడు.

కాకి వచ్చింది. పైకెల్లి ఎగిరి రాలే. మా ఎనుకకెల్లి, మా కాళ్ల సందులకెల్లి నడుసుకుంట వచ్చింది. నా చీర కుచ్చిళ్లకు దాని రెక్క తాకింది. అందర్ని దాటుకొని పోయి ఆకుల రెండు మెతుకులు ముట్టి, బాపు దిక్కు మెడ తిప్పి చూసి, మల్ల నడుసుకుంటనే వాగు దిక్కు పోయింది. మేనమామ చేతులెత్తి దండం పెట్టిండు.

ముక్కుపుల్ల సంగతి ఏందంటే, నేను బడికి పోయే రోజుల్ల అమ్మ వాగుల బట్టలు ఉతుకుతుంటే అది మర ఊడి నీళ్లల్ల పడ్డది. పొద్దుమూకేదాక ఉస్కెల చెయ్యి పెట్టి దేవులాడింది. బాపు “పోతే పోయింది తియ్, పంట చేతికొస్తే కొత్తది చేపిస్త” అన్నడు. ముక్కు బొక్క పూడకుండ అమ్మ దాంట్ల యాప పుల్ల ముక్క పెట్టుకుంది. పంటలు వచ్చినయి, పోయినయి. పాత పుల్ల ఎండితే పచ్చిది ఇరిసి పెట్టుకునేది. భూమి పైసలు వచ్చినయి. ఇల్లు లేసింది, అన్నకు కిరాయికి తిప్పేటందుకు కారొచ్చింది. ఒకనాడు చూస్తే అమ్మ ముక్కుకు యాప పుల్ల లేదు. బొక్క పూడిపోయింది. నేను అడుగలే, ఆమె చెప్పలే. బాపు ఆ సంగతి కనిపెట్టిండో లేదో దేవునికే ఎరుక.

“కొత్తది చేపించి ఆకుల పెడ్దాం, అయిపోతది” అని అన్న ఎంత చెప్పినా బాపు వినలే.

“నీ ముక్కుపుల్ల అని మాట ఇచ్చిన. కొత్తది అనలే. పిట్ట గా మాటకే దిగింది” అన్నడు.

ఇగ అయిపాయె. యాడాది మాసికం, గదే సంవత్సరీకం, లోపట ఆ ముక్కుపుల్ల దొరకాలె. దొరకకుంటే అమ్మ పానం ఆ ఒడ్డునే తిరుగుతదని ఆయన పట్టు. ఆయన పడితే ఇడిసే మనిషి కాదు.

ముందుగాల గమేళ పట్టుకొని పోయిండు. పట్నంల కంసాలి దుకాణాల ముందటి మురికి మోరి మట్టి కడిగి బంగారం తీసేటోళ్లను వయసుల ఉన్నప్పుడు చూసిండట. ఉస్కె, నీళ్లు గమేళల పోసి గుండ్రంగ తిప్పాలె. తేలికది నీళ్లతోని కొట్టుకపోతది, బరువైంది అడుగున నిలుస్తది. చలికాలమంత గట్లనే తిప్పిండు. వేళ్ల సందుల తోలు పోయింది. వాగేమో పెద్దది. ఇట్ల కాదని, చెల్క పోయినప్పుడు బాయి కాడికెల్లి తెచ్చి ఇంటెనుక పడేసిన చిన్న ఇంజన్ తీసి తుడిచిండు. దానికి పైపు తగిలించి, వాగు అడుగు ఉస్కెను నీళ్లతోని గుంజి, గోనె సంచి పరిసిన చెక్క దోనెల పారించాలని ఆయన ఆలోచన. బరువైనదేదున్నా సంచి నారల చిక్కుతది.

“చేతితోని కడిగితే ఎవడూ అడుగడు. ఇంజన్ పెడితే పర్మిషన్ కావాలె. వాగు సర్కార్ది” అన్నరు ఊరోళ్లు. మా బాపు కానూన్ అంటే భయపడే మనిషి. ఎవరి చేనుల జామకాయ తెంపినోడు కాదు. నా సెలవు నాడు ఆయన్ను గనుల ఆఫీసుకు తీసుకపోయిన.

ఆడ సారు కోస్తా దిక్కు మనిషి, చిన్న వయసు, మర్యాద గల్లోడు. “ఎన్ని ట్రాక్టర్లు కావాలి?” అని అడిగిండు.

“ట్రాక్టర్లు కాదు సారు, ఒక ముక్కుపుల్ల” అన్నడు బాపు.

నవ్వుతడనుకున్న. నవ్వలే, కలం కింద పెట్టిండు. “చూడండి పెద్దాయనా, ఇసుకకైతే ట్రాక్టర్ల లెక్కన అనుమతి ఉంటుంది. బంగారం గనికైతే ఎకరాల లెక్కన లీజు ఉంటుంది. భూమిలో నిధి దొరికితే ప్రభుత్వానికి తెలియజేయాలి. మీరు అడిగేదానికి మా దగ్గర అసలు కాగితమే లేదు.”

“లేకుంటే ఎట్ల సారు? మాట ఇచ్చిన.”

“ఎవరికి?”

“నా ఇంటిదానికి. పోయింది.”

సారు కుర్చీ పక్కకు తిప్పుకుండు. తర్వాత కంప్యూటర్ల ఏదో వెతికిండు. బయట దేశాల్ల సెలవు దినాలప్పుడు సరదాకు నదుల్ల బంగారం కడుక్కునేటోళ్లు ఉంటరట. వాళ్ల చిన్న ఇంజన్లకు పర్మిషన్ ఇస్తరట, దానికి రూల్స్ ఉంటయట. “ఇవి ఇక్కడ చెల్లవు, ఊరికే చెబుతున్నాను” అని చదివి వినిపించిండు. పైపు మూతి పెద్దగ ఉండొద్దు. ఒడ్డు తవ్వొద్దు. చెట్ల ఏర్లు కదపొద్దు. నూనె చుక్క నీళ్లల్ల పడొద్దు. చేపలు గుడ్లు పెట్టే నెలల్ల నీళ్లల్ల దిగొద్దు. పొద్దుమూకితే బందు. తీసిన గుంత పూడ్చిపెట్టి ఇంటికి పోవాలె. బాపు ఒక్కోదానికి తలకాయ ఊపుకుంట, పెదవులు కదుపుకుంట పాఠం తీరు యాది పెట్టుకుండు.

బయటికొచ్చి, చెప్పులేసుకొని, “ఇచ్చిండు గదా” అన్నడు.

“ఏం ఇచ్చిండు బాపు? ఇక్కడ చెల్లదని తెలుగులనే చెప్పె గదా.”

“రూల్స్ చెప్పిండంటే ఇచ్చినట్టే. ఇయ్యనోడు రూల్స్ ఎందుకు చెప్తడు?” అన్నడు. దారి పొడుగుత నేను చెప్పి చెప్పి నా గొంతు పోయింది. మా బాపు లోకంల మాట అంటే కాగితం. పెద్దమనిషి కూసొని, ఎట్ల చెయ్యాలెనో ఇడమరిచి చెప్పిండంటే అది ఒప్పుకున్నట్టే. పొలం కౌలుకిచ్చినా, పిల్లనిచ్చినా మా ఊర్ల గట్లనే నడిచింది.

ఎండలు ముదిరే యాళ్లకు ఇంజన్ వాగుల దిగింది. రూల్స్ ఒక్కటి తప్పలే. పైపు మూతి తన పిడికిలి కంటె పెద్దగ లేకుండ చూసుకుండు. ఇంజన్ కింద పాత గోనె తట్టు పరిచిండు, నూనె కారొద్దని. పొద్దుమూకక ముందే గుంత పూడ్చి, కాళ్లతోని తొక్కి, సాపు చేసి వచ్చేటోడు. తెల్లారి పోయి చూస్తే పూడ్చిన కాడ ఉస్కె కుంగి ఉంటుండె. నీళ్లున్న కాడ ఉస్కె కుంగుడు మామూలే, అన్న గూడ గదే అన్నడు. నేను కండ్లార చూసిన. తలకాయ కాడ సన్నగ, భుజాల కాడ ఎడల్పుగ, కాళ్ల దిక్కు మల్ల సన్నగ. మనిషి పక్కకు ఒరిగి పండుకొని లేచిపోయిన జాగ తీరుగ ఉండె. బాపు దాని మీద అడుగు పెట్టకుండ సుట్టు తిరిగి పోతుండె.

సంచిల ఏవేవో చిక్కుతుండె. గాజు ముక్కలు, మట్టెలు, పచ్చబడ్డ పైసలు. అప్పుడప్పుడు బియ్యపు గింజంత బంగారం. మా ఊరి వల్లకాడు ఆ వాగుకు ఎగువనే ఉంటది. పోయినోళ్ల నోట్ల ఇంత బంగారం పెడ్తరు, బూడిద వాగుల కలుపుతరు. ఆ గింజలను బాపు చేతుల పట్టుకొని “ఎవల నోటిదో” అనుకుంట మల్ల గుంతల్నే ఏసి ఉస్కె కప్పేటోడు. ఇంటికి ఒక్కటి గూడ తేలే. అన్న గూడ వాటిని తెమ్మని అనలే.

ఒక పగటీలి బువ్వ గిన్నె పట్టుకొని పోయిన. దూరంకెల్లే ఇంజన్ చప్పుడు. ఎండకు వాగు ఒడ్డంత తెల్లగ మండుతున్నది, పిట్ట పురుగు లేదు. నెత్తి మీదికెల్లి ఇమానం పోయింది, దాని నీడ నీళ్ల మీదికెల్లి బాపు మీదికెల్లి జారి పోయింది. బాపు మోకాలి లోతుల నిలబడి పైపు పట్టుకొని మాట్లాడుతున్నడు. ముచ్చట పెట్టినట్టు, నడుమ నడుమ ఆగి, ఊఁ కొడుతున్నడు. నేను పోయి ఇంజన్ బందు పెట్టిన. చప్పుడు ఆగింది, ఆయన మాట ఆగలే.

“గది నువ్వే చెప్పాలె, నాకేమెరుక” అంటున్నడు. నన్ను చూసి మొకం మాడ్చుకుండు.

“ఎవలతోని బాపు?”

“మీ అమ్మ తోని. ఇంజన్ నడిస్తేనే వినొస్తది. ఎందుకు బందు పెట్టినవ్?”

నవ్వబోయిన. నవ్వు రాలే. “మల్ల ఇంజన్ చాలు చెయ్” అన్నడు. తాడు గుంజి చాలు చేసి పక్కన నిలబడ్డ. ముందుగాల ఒట్టి డబడబ. జరసేపటికి, ఒట్టు, ఆ చప్పుడు కింద ఇంకో చప్పుడున్నది. మాటలు కావు. అమ్మ పొయ్యి కాడ కూసొని తనల తను గొణుక్కునేది చూడుండ్రి, ఆ వరస. ఎక్కుడు, దిగుడు, నడుమ ఒక నిట్టూర్పు. గిన్నె ఆడనే పెట్టి వచ్చిన. బస్సెక్కి సాతంరాయిల దిగేదాక ఎనుకకు తిరిగి చూడలే.

భయమైంది. అబద్ధమెందుకు, ఆశ గూడ అయింది. ఆ గొణుగుడు ఇంకొక్కసారి వినాలెనని పానం కొట్టుకుంది. సెలవు దొరికినప్పుడల్ల వాగు కాడికే పోవుడు మొదలుపెట్టిన. మా ఆయన తిట్టినా పోయిన.

ఎండాకాలం నడుమ ఒక ముక్కుపుల్ల దొరికింది. నేను ఎగిరి గంతేసిన. బాపు మాత్రం నిమ్మలంగ “ఇది ఆమెది కాదట. బొడ్రాయి కాడి ముసలవ్వదట. ఇచ్చిరా పో” అన్నడు. పిడికిట్ల పట్టుకొని పోయిన. ముసలవ్వ గడప మీద కూసొని చుక్కకూర తెంపుతున్నది. నేను నోరు తెరువక ముందే “మూడు పూసల్ల నడిమిది రాలిపోయింది, గదేనా?” అన్నది. పిడికిలి ఇప్పిన. నడిమి పూస లేదు.

“నీకు ఎవలు చెప్పిండ్రు అవ్వా?”

“పొద్దుగాల మీ అమ్మ ఇటు పోతుంటే చెప్పింది” అన్నది, కూర తెంపుకుంటనే. ఆమెకు మతి సక్కగ లేదని ఊరంత అంటరు. నేను గూడ గట్లనే అనుకున్న. అనుకోకుంటే ఆ మాపటికి ఇంటికి ఎట్ల పోవాలె?

తొలకరి ముందు ఆ ఆఫీసు జీపొచ్చింది. మా దిక్కు ఉస్కె దొంగతనాలు ఎక్కువైనయని తనిఖీలు చేస్తున్నరు, వాళ్లను తప్పు పట్టేది లేదు. వాగుల ఇంజన్ చూస్తే ఎవరన్న ఆగుతరు. బాపు నీళ్లల్లకెల్లి ఎక్కొచ్చి, చేతులు కట్టుకొని, రూల్స్ అన్ని వరసగ అప్పజెప్పిండు. ఒడ్డు తవ్వలే, ఏర్లు కదపలే, నూనె పడలే, గుంత పూడుస్త.

“మంచిగనే ఉన్నది. కాగితం ఏది?” అన్నడు వచ్చినాయన.

“సారు నోటితోని చెప్పిండు.”

ఆ సారుకు ఎన్నడో బదిలీ అయిందట. “చేతితోని కడుక్కో, ఎవరం ఏమనం. ఇంజన్‌కు పర్మిషన్ తెచ్చి ఇంజన్ తీస్కపో” అని ఎత్తుకపోయిండ్రు. జీపు పోయినంక వాగు కాడ ఎంత సప్పుడు లేకుండ అయిందంటే నా చెవులల్ల నా గుండెనే వినొచ్చింది. బాపు అట్లనే నిలబడి చెవి ఒగ్గి చూసిండు. “పోయింది” అన్నడు. మూడో దినం కండ్ల నీళ్లు పెట్టని మనిషి ఆడ కూసొని ఏడ్చిండు.

వానలు పడ్డయి. గమేళతోనన్న కడుగు అంటే దిగలే. చేపలు గుడ్లు పెట్టే నెలలట. “ఏ దేశం చేపలు బాపు అవి? ఏ దేశం రూలు?” అని అరిచిన. “చేపకు దేశమేంది?” అన్నడు. మాసికం దగ్గర పడుతున్నది, ఈయన ఒడ్డు మీద కూసొని చేపలను కాస్తుండు.

వానలు తగ్గే యాళ్లకు తెలంగాణ సమ్మె. ఆఫీసులన్ని బందు. ఇచ్చేటోడు లేడు, ఇయ్యనని చెప్పేటోడు గూడ లేడు. బాపు పొద్దుగాల్నే పోయి ఆఫీసు గేటు పట్టుకొని నిలబడేటోడు. లోపట గోడ పక్కన మా ఇంజన్ కనపడుతుండె. అన్న పోయి “తాళమేసిన ఆఫీసు కాడ ఏం చేస్తున్నవ్ బాపు, పోదాం పా” అంటే, “ఎవలన్న ఇంజన్ జర చాలు చేస్తరేమోనని” అన్నడట. అన్న ఆ మాట నాకు ఫోన్ల చెప్పుకుంట ఏడ్చిండు.

మాసికం ముందటి దినం నేను పాల్మాకులలనే ఉన్న, గారెలకు పప్పు రుబ్బుతున్న. బాపు పగటీలి వాగుకెల్లి వచ్చిండు. చేపల నెలలు ఎల్లినయని గమేళతోని మల్ల దిగిండు కదా, బట్టలన్ని తడి. నా ముందట కూసొని అరచెయ్యి సాపిండు. ముక్కుపుల్ల. నల్లబడ్డది, నడుమ చిన్న ఎర్రరాయి.

“ఇదేనా?” అన్నడు.

చేతుల పట్టుకొని ఎలుతురుకు పెట్టి చూసిన. నాకు యాదికున్నది అమ్మ ముక్కు మీద ఒక మెరుపు, అంతే. రాయి ఎరుపో తెలుపో తెల్వది.

“నేను చిన్నదాన్ని బాపు అప్పుడు. నువ్వు చెప్పాలె.”

“ఆమెనే అడిగిన. ఇంజన్ లేదు గదా” అన్నడు. ముక్కుపుల్ల మల్ల చేతికి తీసుకొని, “ఎడమ దిక్కే గదా పెట్టుకునేది?”

“కుడి దిక్కు బాపు.”

నాకు ఏడుపు, కోపం రెండొచ్చినయి. “ఇన్నేండ్లు ఏం చూసినవ్ బాపు ఆమె మొకంల?” అన్న.

“ఎప్పుడు చూసినా పొయ్యి దిక్కు తిరిగి ఉంటుండె” అన్నడు. నేను పప్పు రుబ్బుడు ఆపలే. ఆపితే ఏం చేస్తుంటినో.

తెల్లారి వాగొడ్డున ఆకు పరిచినం. బువ్వ మీద ఆ ముక్కుపుల్ల పెట్టి బాపు “తెచ్చిన” అన్నడు. గంతే అన్నడు. మేము ఇంక ఎనుకకు జరుగనే లేదు, కాకి దిగింది. మంచిగ ఎగిరి వచ్చి, కూర, గారె, బువ్వ అన్ని ముట్టింది. దాని ఎంట ఇంకోటి వచ్చింది. అన్న కండ్లు తుడుసుకుండు, మేనమామ “నిమ్మలమైంది తల్లి” అన్నడు. నా నెత్తి మీదికెల్లి బండ దిగినట్టయింది. యాడాది సంది మొదటిసారి కడుపు నిండ ఊపిరి తీసుకున్న. అందరు కల్లు పోసుకున్నరు, నవ్వుకున్నరు. బాపు ఆకు మీదికెల్లి ముక్కుపుల్ల తీసి కడిగి, వాగుల గుంత తీసి దాంట్ల ఏసి, ఉస్కె కప్పి సాపు చేసిండు.

ఇంటికి వస్తుంటే ఆయన అందరి ఎనుక పడ్డడు. నేను ఆగి, చెయ్యి పట్టుకొని, “ఇగ నిమ్మలమేనా బాపు?” అన్న.

“ఆ పిట్ట మీ అమ్మ కాదు బిడ్డా” అన్నడు. “మీ అమ్మ గింత జల్ది మాఫ్ చేసేది కాదు.”

తెల్లారి పొద్దుగాల్నే గమేళ పట్టుకొని వాగుకు పోయిండు.